నలుపు తగిలిన చోట

చండ్రుగొండ అవతల, అడవి మొదలయ్యే కాడ వడ్రంగి దూలయ్య కొట్టం. ముసురు పట్టి మూడు రోజులైంది. పట్టపగలే బుడ్డి వెలిగించుకుని కూర్చున్నారు మొగుడూ పెళ్లాలు. తడిసిన పొట్టు వాసన, కిరసనాయిలు వాసన కలిసి కొట్టమంతా కమ్ముకుంది.

దూలయ్య ముందర వెంకటరామారావు దొర తుపాకీ ఉంది. దాని పిడి పాత కర్ర చీలితే కొత్తది చెక్కుతున్నాడు. తుపాకీ ఇనుము, అంటే గొట్టం, కర్రలో కదలకుండా కూర్చోవాలి. వెంట్రుకంత సందున్నా గురి తప్పుతుంది. అందుకే అతని భార్య చిన్నక్క బుడ్డి మీద మూకుడు బోర్లించి మసి పట్టి, ఆముదంలో కలిపి ఇనుముకు పూస్తుంది. దూలయ్య దాన్ని కర్రలో తొలిచిన గాడిలో అదిమి పైకి తీస్తాడు. కర్రకు నలుపు తగిలిన చోట ఉలితో పొర తీస్తాడు. మళ్లీ పూయడం, మళ్లీ అదమడం.

"దీపాలేళకు దొర మనిషొస్తడు. అప్పటికి కాకుంటే ఫారెస్టోళ్లకు పట్టిస్తనన్నడు" అన్నాడు దూలయ్య.

"దొంగ టేకు కొట్టంగ నేనొద్దంటే నోర్మూసుకోమంటివి. ఇప్పుడేమో పిల్లి లెక్క వణుకుతున్నవ్."

దూలయ్య నవ్వబోయి ఆగిపోయాడు. కర్ర అడుగున, ఇనుము అందని చోట, నాలుగు నల్ల మచ్చలు.

"నీ వేళ్లేనయ్యా. ఎన్నడన్న చెయ్యి కడుగుతవా?"

చెక్కేశాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఇనుము అదిమి తీశాడు.

మళ్లీ నాలుగు. ఈసారి కర్రలోకి దిగినట్టున్నాయి.

తన వేళ్లు ఆనించి చూశాడు. సరిపోలేదు. ఆ వేళ్లు పొడుగు. కర్ర పట్టుకున్నవాడి బొటనవేలి గుర్తు కూడా ఇవతలి పక్క పడాలి కదా... అది లేదు.

చిన్నక్క మసి గిన్నె కింద పెట్టింది. కుడిచేతికి బొటనవేలు లేని మనిషిని ఆమె ఒక్కణ్ణే ఎరుగును. గూడెంలో ఉండే హేమ్లా. ఆ వేలు ఎలుగుబంటి కొరికింది. నిరుడు జొన్నచేలో, అడవిపంది అనుకుని దొర అతన్ని కాల్చి చంపింది ఈ తుపాకీతోనే.

"ఈ కర్ర యాడిదయ్యా?" గుసగుసగా అడిగింది.

"ఈ వానల ఎండుకర్ర యాడ దొరుకుతది..." తల ఎత్తలేదు దూలయ్య. "గూడెపోళ్లు హేమ్లా పేర పాతిన గుంజ."

చిన్నక్క లేచింది. కర్ర కొంగులో చుట్టుకుని వానలోకి నడిచింది. అతను ఆపలేదు.

గూడెం అంచున గుంజ పీకిన గుంట నీళ్లతో నిండి ఉంది. అందులో కర్ర నిలబెట్టి, రెండు చేతులా బురద తోసింది. "తప్పైంది హేమ్లన్నా. నా మనిషిని ఏమనకు" అని మొక్కింది. కప్పల అరుపు ఒక్కసారిగా ఆగింది. వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చింది.

దూలయ్య అటు తిరిగి ఉలి నూరుతున్నాడు.

"పెట్టొచ్చిన. దొర కాళ్లు నేను పట్టుకుంట గానీ, నువ్వు లే. ఇంత గటక తిను."

రాయి మీద ఉలి... సర్... సర్...

ఆమె గడప వైపు తిరిగి కొంగు పిండుకుంది.

"నీ భుజం మీద..." వెనక నుంచి మాట వినిపించింది.

మెడ తిప్పి చూసుకుంది. చీర నుంచి నీళ్లు కారుతున్నాయి. భుజం మీద మాత్రం నాలుగు నల్ల మచ్చలు. వేలితో తాకింది. పొడిగా ఉన్నాయి.

"తుడువయ్యా... జల్దీ తుడువు..."

"తుడిస్తే పోదు." అది దూలయ్య గొంతే. "నలుపు తగిలిన కాడ చెక్కాలె. కదలకు."

బుడ్డి వెలుగులో చెయ్యి ముందుకొచ్చింది. ఉలిని నాలుగు వేళ్లతోనే పట్టుకున్నాడు. బొటనవేలు పక్కకు వేలాడుతోంది, ఆ చేతిది కానట్టు.