తలుపు సందు

మా బావకి పాత కార్ల పిచ్చి. అక్క మాటల్లో చెప్పాలంటే, అది ఇంటికి పట్టిన తుప్పు. ఎక్కడో పాకలో కుళ్ళిపోతున్న రెండు తలుపుల కారుని లారీ మీద వేయించుకొచ్చి ఇంటి పక్క షెడ్డులో పెట్టాడు. ఆయన పని వాచీలు బాగుచేయడం. వెంట్రుకంత స్ప్రింగుని ఊపిరి బిగబట్టి సరిచేసే చేతులు ఆయనవి. ఆ చేతుల మీదే ఇల్లు నడుస్తోంది. అదే మనిషికి కారు దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని తొందర.

నాది గేట్లు, గ్రిల్స్ వెల్డింగ్ చేసే పని. కాబట్టి కోతలన్నీ నా నెత్తిన పడ్డాయి. ఆ ఆదివారం భోజనాలయ్యాక, టాపు కోసేద్దాం రమ్మన్నాడు. టాపు లేని కారులో అక్కని ఊరంతా తిప్పాలని ఆయన కోరిక.

"ముందు లోపల అడ్డంగా ఇనప రాడ్లు వెల్డ్ చెయ్యాలి బావా. టాపు తీసేస్తే బాడీ నడుం విరిగినట్టు మధ్యలో కూలబడుతుంది."

"తలుపులు మూసే ఉన్నాయి కదరా. అవే ఆపుతాయి."

"మూసిన తలుపు రాడ్డవుతుందా?"

"నీకు నోరెక్కువ, పని తక్కువ. తలుపు సందులో వేళ్ళు పెట్టి చూస్తుంటాను. రవ్వంత కదిలినా చెప్తా, ఆపెయ్."

వాచీల మనిషి కదా, కంటికన్నా వేలికొస మీదే నమ్మకం. నాకు ఒళ్ళు మండింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని గొణుక్కుంటూ గ్రైండర్ తీశాను.

బయట వాన. షట్టర్ సగం దించాం. సీట్లన్నీ ఎప్పుడో పీకేశాం కాబట్టి కారు లోపల ఉత్త రేకు మాత్రమే ఉంది. బావ దూరి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడం చేత్తో టాపుని ఎత్తిపట్టాడు. కుడిచేతి వేళ్ళు తలుపు వెనక సందులోకి పోనిచ్చాడు. "కానీ" అన్నాడు.

టాపుని మోసే స్తంభాల్లో ముందువి రెండూ వెన్నలా తెగాయి. కాలిన తుప్పు వాసన, దానితోపాటు ఇంకేదో వాసన. వెంట్రుకలు కాలుతున్నట్టు. పాత గుడ్డేదో లోపల ఉండిపోయిందేమో అనుకున్నాను. వెనక స్తంభం ఒకటి కోస్తుంటే కోతలోంచి నీళ్ళు కారాయి. ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. బొటనవేలితో తుడిచి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి.

ఇంక ఒక్క స్తంభమే మిగిలింది. బ్లేడు ఇంకా ఆనించనేలేదు.

"ఆపరా" అన్నాడు బావ.

స్విచ్ ఆపాను. బ్లేడు తిరిగి తిరిగి ఆగింది.

కోత శబ్దం మాత్రం ఆగలేదు.

నేను చేతిలోని గ్రైండర్ వంక చూశాను. చచ్చిన ఎలకలా కదలకుండా ఉంది. శబ్దం ఆ చివరి స్తంభం లోపల్నుంచి వస్తోంది. రేకు మీద సన్నటి గీత పడింది. గీతలోంచి నిప్పురవ్వలు నా వైపు ఎగిరాయి... లోపల్నుంచి బయటికి.

"బావా, బయటికి రా."

"రాలేనురా." ఆయన గొంతు గుసగుసలా ఉంది. "నా వేళ్ళు ఎవరో పట్టుకున్నారు."

"సందులో ఇరుక్కునుంటాయి. మెల్లగా లాక్కో."

"ఇరుక్కోలేదు... పట్టుకున్నారు. నిమురుతున్నారు..."

భయమేసింది, సిగ్గులేకుండా చెప్తున్నాను, పారిపోదామనిపించింది. అయినా తలుపు పిడి పట్టుకుని లాగాను. రాలేదు.

చివరి స్తంభం తెగింది.

కారు నడుం వాలిపోయింది. తలుపు సందు కత్తెరలా మూసుకుంది. చెరుకుగడ విరిచినట్టు ఒక చప్పుడు. తర్వాత బావ కేక. అలాంటి కేక మనిషి గొంతులోంచి రావడం నేనెప్పుడూ వినలేదు. టాపు ఆయన భుజం మీద పడింది. అద్దం చట్రం మీంచి రక్తం నా ముఖానికి చిమ్మింది. గునపం సందులో గుచ్చి, ఒంట్లో బలమంతా పెట్టి తొక్కాను. తలుపు మూలిగింది గానీ తెరుచుకోలేదు. చివరికి టాపుని పక్కకి తోసి, చంకల్లో చేతులేసి ఆయన్ని పైనుంచే బయటికి ఈడ్చాను. రేకు అంచు ఆయన తొడని పొడుగునా చీల్చింది.

అక్క పరిగెత్తుకొచ్చింది. ఏడవలేదు. కొంగు చింపి చెయ్యి కట్టేసింది.

ఆసుపత్రి రెండు వీధుల అవతలే. డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. "మూడు వేళ్ళు పోయాయి. తెచ్చారా? తెస్తే అతికించడానికి ప్రయత్నిస్తాను. ఐసులో పెట్టి తీసుకురండి, పరిగెత్తండి."

అక్క నా భుజం పట్టుకుంది. "ఆ వేళ్ళు లేకపోతే ఆయన బతికినా చచ్చినట్టేరా. వెళ్ళు."

వెళ్ళాను. గునపానికి లొంగని తలుపు బార్లా తెరిచి ఉంది. నేల మీద వేళ్ళు లేవు. తలుపు రేకుకి వెనకవైపు ఒక కన్నం, అందులోకి రక్తం చార. బోలుగా ఉన్న ఆ తలుపులోకే జారిపోయుంటాయి. దేవుడా, దేవుడా అనుకుంటూ మోచేతి దాకా చెయ్యి పెట్టాను. చీకట్లో తడుముతున్నాను. తుప్పు, తడి... ఏమీ తగల్లేదు.

అప్పుడు నా అరచేతిలో ఒక వేలు పడింది.

నేను వెతికి పట్టుకున్నది కాదు. ఎవరో తెచ్చి పెట్టారు. మెల్లగా, చిల్లర చేతికిచ్చినట్టు. దాని తర్వాత ఇంకోటి. ఇంకోటి. ఎన్నో చూడలేదు. పిడికిలి మూసి చెయ్యి లాక్కుని, కవర్లో వేసి, ఐసు పోసి, షట్టర్ పూర్తిగా దించి తాళం వేసి పరిగెత్తాను.

డాక్టరమ్మ కవరు ట్రేలో ఒంపింది. చూసింది. మళ్ళీ చూసింది.

"మీ బావగారివి మూడే కదా?"

"మూడేనండీ."

ట్రేలో నాలుగున్నాయి. మూడు పాలిపోయి, బిగుసుకుపోయి ఉన్నాయి. నాలుగోది సన్నగా, చిన్నపిల్లల చిటికెనవేలంత ఉంది. దాని చుట్టూ ఐసు కరిగిపోయింది. కొసనుంచి రక్తం ఇంకా బొట్లు బొట్లుగా కారుతోంది.

డాక్టరమ్మ దాన్ని గుడ్డలో తీసుకుని నా మీద కేకలేసింది. "ఇది ఇప్పుడే తెగింది! ఆ పాపనెందుకు వదిలేసి వచ్చారు? వెళ్ళి తీసుకురండి!"

అక్క నా జేబులోంచి వేలాడుతున్న షెడ్డు తాళంచెవి వంక చూసింది. నేను కదల్లేదు.