మౌస్ మీద చెయ్యి

ఆ మందుల గోదాంలో చెమటలు పట్టే గది ఒక్కటే, యజమాని గది. వెనకవైపున్న చల్లగదిలో మాత్రం ఏడాది పొడుగునా ఫ్రిజ్‌లో ఉన్నంత చలి. ఇంజెక్షన్లు, టీకాలు, పిల్లల చుక్కల మందులు అక్కడే అరల నిండా ఉండేవి. ఆ గదికి కిటికీ లేదు. గోడలు మందపాటి రేకు పలకలు. లోపలికెళ్ళి తలుపు వేస్తే బయట పిడుగు పడ్డా వినపడదు. ఇక సెల్‌ఫోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, సిగ్నల్ గీత ఒక్కటి కూడా రాదు.

ఆ గది సరుకంతా చూసుకునే ఆమెని అందరూ స్టాకమ్మ అనేవాళ్ళు. అసలు పేరు జీతం కవరు మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు. ఆమెకు ముందు ఆ పని పెద్దక్క అనే ఆవిడ చేసేదట. ఆవిడ ఏమైందని అడిగితే, "మానేసింది" అనేవాళ్ళు. ఎందుకు మానేసిందని అడిగితే ఎవరికో ఏదో పని గుర్తొచ్చేది.

యజమాని సంగతి వేరే చెప్పాలి. సరుకు చేతులు మారుతోందని అనుమానం వచ్చి, చల్లగది తలుపుకి లోపలివైపు పిడి ఊడబీకించాడు. దాని బదులు లోపల ఓ చిన్న బల్ల, దాని మీద తలుపు తెరిచినప్పుడల్లా లెక్క రాసుకునే కంప్యూటర్ పెట్టించాడు. తెర మీద రెండే గళ్ళు: 'తెరువు', 'మూయి'. మౌస్‌తో నొక్కాలి. లోపలి నుంచి మూసుకుంటే బయటి తాళంచెవి కూడా పనిచేయదు. కీబోర్డు ఇప్పించమని అడిగితే, "రెండు గళ్ళు నొక్కడానికి అన్ని అక్షరాలెందుకు?" అన్నాడు. ఆయన నోట అబద్ధం రావచ్చుగానీ చేతి నుంచి రూపాయి రాదు.

ఆ మౌస్ ముసలిది. తెల్లగా ఉండాల్సింది పసుపు తిరిగింది. ఎడమ బటన్ మీద వేలి ఒత్తిడికి అరిగిన చిన్న గుంట ఉండేది. పొద్దున్నే కంప్యూటర్ పెట్టగానే అది పనిచేసేది కాదు. అడుగున వెలగాల్సిన ఎర్ర దీపం వెలగదు, తెర మీద బాణం గుర్తు కదలదు. "ఎలక అలిగింది" అని నవ్వుకుని, తలుపు తీసే ఉంది కదా అని స్టాకమ్మ తన పనిలో పడేది. కాసేపటికి అదే దారికొచ్చేది. కొత్తది కొనమంటే యజమాని, "కాసేపటికైనా పనిచేస్తోందిగా?" అనేవాడు.

ఆ శనివారం ఒంటిపూట. అందరూ మధ్యాహ్నానికే వెళ్ళిపోయారు. గేటు దగ్గర కాపలా తాత ఒక్కడే మిగిలాడు. స్టాకమ్మ స్వెట్టర్ విప్పి బయట కుర్చీకి తగిలించి, సంచీ భుజానికి వేసుకున్నాక గుర్తొచ్చింది, టీకాల పెట్టె ఒకటి కింద అరలోనే వదిలేశానని. పక్కింటి పిన్ని దగ్గర పాప ఉంది. పిన్ని సాయంత్రం బస్సుకి ఊరెళ్తోంది. ఇలా వెళ్ళి అలా వచ్చేద్దాం అనుకుని, స్వెట్టర్ కూడా వేసుకోకుండా లోపలికెళ్ళి, అలవాటుగా తలుపు వేసింది.

పెట్టె పైఅరలో పెడుతుండగా దీపం ఓసారి మినుక్కుమంది. కరెంటు పోయి వచ్చింది. అంతే. కంప్యూటర్ ఆరిపోయి మళ్ళీ వెలిగింది. తలుపులో ఏదో 'టక్' మంది.

ఆమె కుర్చీలో కూర్చుని మౌస్ కదిపింది. బాణం గుర్తు 'మూయి' అనే గడి మీద ఉంది. కదల్లేదు.

"ఇవాళ కూడా అలకేనా నీకు?" అంది. దులిపింది. తట్టింది. అడుగున నోటితో ఊదింది. తిరగేసి చూస్తే ఎర్ర దీపం లేదు. కాసేపు ఆగి చూద్దామని చేతులు చంకల్లో దూర్చుకుంది. పొట్టిచేతుల జాకెట్టు. చలి మోచేతుల దగ్గర మొదలై భుజాలదాకా పాకింది.

చాలాసేపే ఆగింది. దీపం వెలగలేదు.

బల్ల పక్కన గోడకి ఓ ఫోన్ ఉంది. గేటుకి తప్ప ఎక్కడికీ పోదు. గది మూలన ఓ కెమెరా కూడా ఉంది, దాని తెర తాత దగ్గర ఉంటుంది. పిసినారి మనిషి ఈ రెండూ ఎందుకు పెట్టించాడో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు.

"తాతా, లోపల ఇరుక్కుపోయాను. ఎలక లేవడం లేదు."

"ఎలకా? కర్ర తెమ్మంటావా అమ్మా?"

"కంప్యూటర్ ఎలక తాతా! మా తమ్ముడికి ఫోన్ కలుపు, వాడికి తెలుస్తుంది."

తమ్ముడికి ఊరికి ఆ చివర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. తాత ఒక చెవికి గేటు ఫోను, రెండో చెవికి సెల్‌ఫోను పెట్టుకుని, అతని మాటలు ఇటు, ఈమె మాటలు అటు చేరవేయడం మొదలుపెట్టాడు. యజమానికి కూడా చేశాడుగానీ ఆయన ఎత్తలేదు. సెలవుపూట ఫోన్ ఎత్తితే ఎవరు ఏం అడుగుతారోనని ఆయన భయం.

"తోక పీకి మళ్ళీ పెట్టమంటున్నాడమ్మా."

పీకి పెట్టింది. లేవలేదు.

"వెనకవైపు ఇంకో కన్నం ఉంటుందట, అందులో పెట్టమంటున్నాడు."

పెట్టింది. లేవలేదు.

"తను బయల్దేరాడటమ్మా, తలుపు కోసే మనిషిని కూడా తెస్తాడట. కానీ వచ్చేసరికి పొద్దుపోతుందంటున్నాడు."

పొద్దుపోతే పిన్ని వెళ్ళిపోతుంది. పాప తాళం వేసిన తలుపు ముందు కూర్చుని ఉంటుంది. పళ్ళు టకటకమంటుంటే స్టాకమ్మ అడిగింది, "ఇంకేమైనా దారుందేమో అడుగు తాతా."

తాత అటు మాట్లాడి ఇటు వచ్చాడు. "మొదలయ్యేటప్పుడు దాని మీద ఎవరైనా వేలు నొక్కి పెట్టుకుని ఉంటే అది లేవదట. ఆపేసి, చెయ్యి తీసేసి మళ్ళీ పెట్టమంటున్నాడు. పూర్తిగా లేచేదాకా ముట్టుకోవద్దట."

ఇదేదో తేలిక పనే. ఆమె కంప్యూటర్ ఆపింది. మళ్ళీ మీట నొక్కింది. మౌస్‌కి దూరంగా జరిగి, ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని చెవికి ఆనించుకుంది. తెర నల్లగా ఉంది. గదిలో స్పిరిట్ వాసన, తడిసిన అట్టపెట్టెల వాసన. వాటి మధ్య సన్నగా... చాలాకాలం మడతపెట్టి ఉంచిన ఉన్ని వాసన.

"చెయ్యి తియ్యమ్మా," అన్నాడు తాత.

"తీశాను."

"ఏం తీశావ్? నాకు ఇక్కడ కనిపిస్తూనే ఉందిగా. మౌస్ మీదే ఉంది."

"తీశాను తాతా!"

"ఎడమది కాదమ్మా... కుడి చెయ్యి."

స్టాకమ్మ తన చేతులు చూసుకుంది.

"తాతా... రెండు చేతులతో ఫోనే పట్టుకున్నాను."

తాత కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్న చప్పుడు.

"మరి," అన్నాడు చివరికి, "ఆ స్వెట్టర్ చెయ్యి ఎవరిది?"

ఆమె స్వెట్టర్ బయట కుర్చీకి ఉంది. ఆమెకి ఏడవాలనిపించింది. ఏడుపు రాలేదు. మౌస్ మీద ఏ చెయ్యీ లేదు. కానీ ఎడమ బటన్... ఆ అరిగిన గుంట దగ్గర... లోపలికి నొక్కుకుని ఉంది.

"తాతా," అంది గుసగుసగా. "పెద్దక్క ఎందుకు మానేసింది?"

"మానెయ్యలేదమ్మా..." తాత గొంతు చిన్నదైపోయింది. "ఇలాగే ఓ శనివారం. అప్పటికి ఈ ఫోనూ లేదు, కెమెరా లేదు. సోమవారం తలుపు కోయించేసరికి ఆ కుర్చీలోనే ఉంది. చెయ్యి దాని మీదే... ఇద్దరం పట్టి లాగితేగానీ ఊడి రాలేదు. ఇంట్లో పసిపిల్ల ఉండేదమ్మా ఆవిడకి."

ఆ కుర్చీలోనే. స్టాకమ్మ దిగ్గున లేచింది. గోడకి ఆనుకుంది. రేకు వీపుకి చురుక్కుమంది.

"లేచావా అమ్మా?"

"ఆఁ... లేచాను."

"మరి కుర్చీలో ఇంకా..." తాత ఆగిపోయాడు. "నేను చూడలేనమ్మా. నావల్ల కాదు."

ఏదో కింద పడ్డ చప్పుడు. తర్వాత ఫోన్‌లో గుయ్‌మనే మోత ఒక్కటే.

ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు. వేళ్ళ కొసలు మొద్దుబారాయి. ఊపిరి పొగలా వస్తోంది. వింతేమిటంటే... బల్ల దగ్గర కూడా చిన్నగా పొగ వస్తోంది. ఆగి... ఆగి... మనిషి ఊపిరిలా.

పాప గుర్తొచ్చింది. తాళం ముందు, మెట్టు మీద, మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్న పాప. ఆ బొమ్మ కళ్ళ ముందుకొచ్చాక స్టాకమ్మ ఒక్కో అడుగే వేసింది. చెయ్యి చాచింది. మౌస్‌కి బెత్తెడు ఎత్తులోనే అరచేతికి ఏదో తగిలింది.

ఉన్ని. దాని కింద వేళ్ళ కణుపులు... రాయిలా చల్లగా, బిగుసుకుపోయి.

చెయ్యి లాక్కోవాలనుకుంది, లాక్కోలేదు. ఎందుకంటే ఆ వేళ్ళు వణుకుతున్నాయి. తనని ఆపుతున్న చెయ్యి కాదది. వదిలేస్తే తలుపు ఎప్పటికీ తెరుచుకోదేమోనన్న భయంతో, ఉన్న బలమంతా పెట్టి నొక్కుతున్న చెయ్యి. పాపం, అలా నొక్కినంతకాలం అది తెరుచుకోదని ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు.

స్టాకమ్మకి జాలేసింది. భయం పోలేదు, భయంతోపాటే జాలి కూడా వేసింది.

"అక్కా," అంది. మొండికేసిన మనిషిని బతిమాలినట్టు మెల్లగా అంది. "చెయ్యి తియ్యక్కా. నేను తెరుస్తాను. ఇద్దరం పోదాం పద. ఇంటి దగ్గర మన పాప ఎదురుచూస్తోంది."

బతిమాలేటప్పుడు ఎవరైనా అలాగే అంటారు. 'మా పాప' అనరు, 'మన పాప' అంటారు. ఆమె కూడా ఆలోచించి అన్న మాట కాదది.

చేతి కింద వణుకు ఆగింది.

తర్వాత... ఒక్కో వేలే... లేచింది.

మౌస్ అడుగున ఎర్ర దీపం వెలిగింది. బాణం గుర్తు కదిలింది. ఆమె 'తెరువు' మీద పెట్టి నొక్కింది. తలుపు 'టక్' మని వదులైంది, బయటి వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. ఆమె పరుగెత్తింది. కుర్చీకి ఉన్న స్వెట్టర్ వైపు చూడను కూడా చూడలేదు.

గేటు దగ్గర తాత తన తెర మీద తువ్వాలు కప్పేసి నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "తమ్ముడికి నేను చెప్తానులే, నువ్వు పో తల్లీ," అన్నాడు. ఆమె దాటాక కూడా గేటు వెంటనే వెయ్యలేదు. వెనక ఇంకెవరో రావాల్సి ఉన్నట్టు, పక్కకి ఒదిగి, కాసేపు తీసే ఉంచాడు.

పిన్ని ఇంకా బయల్దేరలేదు. స్టాకమ్మ పాపని ఎత్తుకుని ముద్దులు పెట్టి, పెట్టి, ఏడ్చేసింది. పాపకి ఇదంతా విసుగనిపించి దిగిపోయింది. ఆడి ఆడి అలిసిపోయి, అన్నం తిని, దీపాలు పెట్టే వేళకే మంచమెక్కింది.

స్టాకమ్మ వంటింట్లోకి వెళ్ళి, వేడినీళ్ళ గిన్నెలో రెండు చేతులూ ముంచి నిలబడింది. ఎంతసేపున్నా వేళ్ళలో చలి దిగలేదు. ఈ ఉద్యోగం సోమవారమే మానేస్తాను, ఆయన ఏమన్నా సరే, అనుకుంది. అనుకుంటే ప్రాణం కాస్త తేలికపడింది.

గదిలోంచి పాప నిద్రమత్తులో గొణిగింది.

"చెయ్యి తియ్యమ్మా..."

స్టాకమ్మ చేతులు రెండూ ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది.

"చల్లగా ఉంది..." అంది పాప. "నీ స్వెట్టర్ గుచ్చుకుంటోంది."