ఉద్దానం నీళ్ళ మీద పడిన నేరం

“మా గుంటడికి ఎవరో విషం ఎడుతున్నారమ్మా!”

కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం మేడ మీద ఉన్న డిటెక్టివ్ ఉదయశ్రీ ఆఫీసులోకి వస్తూనే రాజకుమారి ఏడ్చేసింది. ఆమెది ఉద్దానంలో కొబ్బరితోటల ఊరు. కొడుకు అనిరుధ్‌కు రెండు నెలలుగా మూత్రంలో మంట, రక్తం. కూర్చున్నవాడు కూర్చున్నట్టే దొడ్లోకి పరుగెడుతున్నాడు.

“కిడ్నీ పరీక్ష చేయించారా?” అసిస్టెంట్ నాగసుధ అడిగింది.

“రెండుసార్లు. బాగానే ఉందంతన్నారు. మా ఊళ్ళో అందరికీ మొదట అలాగే అంతారు. తర్వాత డయాలిసిస్సే! మాకు నీళ్ళ క్యాన్లేసే ఆ సునీలే నీళ్ళలో ఏదో కలిపేసినాడు. గట్టు కాడ మాకూ ఆడికీ తగువుంది.”

“ఆ నీళ్ళు మీరూ తాగుతున్నారుగా?” అంది ఉదయశ్రీ.

“నాకేటి, గట్టిదాన్ని! ఆడు వైజాగు పెళ్ళికెళ్ళి వారం ఉన్నాడు, తగ్గింది. ఇంటికొచ్చాడు, మళ్ళీ మొదలు. నీళ్ళు కాక మరేటి?”

“అక్కడ ఏ నీళ్ళు తాగాడు?”

“పరాయి నీళ్ళు తాగనిత్తానేటి? అప్పటికి ఈ అనుమానం నేదు, సునీల్ క్యానే కట్టి పంపినాను.”

ఉదయశ్రీ చేతిలో పెన్ను ఆగిపోయింది. నాగసుధకు ఏమీ అర్థం కాలేదు.

మర్నాడు ఊరు వెళ్ళి చూస్తే అనిరుధ్ పిక్క మీద బైకు సైలెన్సర్ కాల్చిన పెద్ద గాయం.

“ఇది ఎప్పుడు కాలింది?”

“తెలీలేదండి.”

“ఇంత కాలితే తెలియదా?” కుర్రాడు తల దించుకున్నాడు.

అతను పనిచేసేది కాశీబుగ్గలో మేనమామ నారాయణరావు నడిపే పశువుల ఆసుపత్రిలో. అక్కడ ఊడ్చే నూకమ్మను పనిలోంచి తీసేసినట్టు తెలిసింది.

“మందు సీసాలు పోతున్నాయండి,” అన్నాడు నారాయణరావు. “కెటమిన్. కుక్కలకి ఆపరేషన్ ముందిచ్చే మత్తుమందు.”

“అనిరుధ్ వైజాగులో ఉన్న వారంలో పోయాయా?”

ఆయన మందుల బీరువాకు తాళం వేసి లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఉదయశ్రీ అందరినీ రాజకుమారి వసారాలో కూర్చోబెట్టింది.

“నాను విషం కలిపేటోణ్ణా?” సునీల్ లేచాడు. “ఊళ్ళో నా క్యాన్ ఎవుడూ ముట్టుకోడం నేదు మేడం!”

“కూర్చో. తప్పు నీళ్ళది కాదు. వైజాగులోనూ నీ నీళ్ళే తాగి ఇతను కుదుటపడ్డాడు. అక్కడ లేనిది ఆసుపత్రి మందుల బీరువా ఒక్కటే. ఆ సీసాలు తీసి వాడుకుంటున్నది ఇతనే. కెటమిన్ నొప్పి తెలియనివ్వదు, అందుకే కాలు కాలినా తెలియలేదు. అది ముందు మూత్రసంచిని పుండు చేస్తుంది. కిడ్నీ పరీక్ష బాగానే ఉండటానికి కారణం అదే. ఇలాగే సాగితే సంచి కుంచించుకుపోయి, కిడ్నీలు కూడా పోతాయి. ఉద్దానంలో మూత్రంలో రక్తమంటే అందరూ కిడ్నీ జబ్బనే అనుకుంటారు. అనిరుధ్ ఆ మాట చాటునే దాక్కున్నాడు.”

“ఓలమ్మో!” రాజకుమారి నుదురు కొట్టుకుంది. “కిడ్నీ అయినా బాగుండును, నలుగురికీ సెప్పుకుందును!”

“అదేనమ్మా నా బాధ!” ఉదయశ్రీ గొంతు పెరిగింది. “నారాయణరావుగారూ, మీకు తెలుసు. పరువు పోతుందని నూకమ్మను దొంగను చేశారు. ఎవరికి తెలిసిన ముక్క వాళ్ళు మింగేశారు. ఈలోపు కుర్రాడు రక్తం పోస్తున్నాడు.”

“నన్ను పిలిసి అడగనైనా నేదు బావూ,” అంది నూకమ్మ. నారాయణరావు ముఖం తిప్పుకున్నాడు.

అనిరుధ్ నోరు విప్పాడు. “మొదట నిద్ర కోసమే తీసుకున్నానమ్మా. మానేద్దామని చాలాసార్లు చూశాను. నా వల్ల అవడం లేదు.”

“ఒక్కడివే మానలేవు,” అంది ఉదయశ్రీ. “అందుకే డాక్టర్లున్నారు. శ్రీకాకుళంలో వ్యసనం మాన్పించే వైద్యుడూ, మూత్రసంచి చూసే వైద్యుడూ ఇద్దరూ కావాలి. ఇప్పుడే బయల్దేరండి.”

“రేపటికి మనసు మారిపోద్దేమో, దార్లో ఏటైనా అయిపోద్దేమో...” రాజకుమారి కొడుకు చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది.

సునీల్ అప్పటికే వీధిలో తన ఆటో స్టార్టు చేశాడు. ఆమె వైపు తిరిగి అడిగాడు.

“పిన్నీ, దారికి నీళ్ళ క్యాన్ ఎట్టమంతావా?”

ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. రాజకుమారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఎట్టు నాయనా. నా కొడుకు తాగాల.”