ఎర్ర సంచి

అన్నం గిన్నె మీద మూత తీయకముందే కాలెబ్ ఆ మాట అనేశాడు.

"నేను ఇంక ఆడను. రేపు వెళ్ళి క్లబ్బులో చెప్పేస్తాను. బూట్లు బయట చెత్తడబ్బాలో పడేశాను."

మార్వా చేతిలో గరిటె ఆగిపోయింది. చర్చి నుంచి వచ్చి గంట కూడా కాలేదు. కొబ్బరిపాలలో బీన్స్ వేసి వండిన అన్నం, మిరియాలు దట్టించిన కోడికూర, ఆదివారం నాటి ఆ వాసన అంతా ఒక్కసారిగా ఎవరిదో పరాయి ఇంటిదిలా అనిపించింది. శుక్రవారం ఆమె కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కంటి మీద ఇంకా ప్లాస్టిక్ మూత ఉంది. మిగిలిన ఒక్క కంటితో కొడుకు ముఖంలోకి చూసింది. ఇరవై ఒక్క ఏళ్ళ బిడ్డ ఒక్క రాత్రిలో పదేళ్ళు పెద్దవాడైనట్టున్నాడు...

నిన్న శనివారం ఫుట్‌బాల్ కప్పు పోటీలో వాడు తమ గోల్‌కీపర్‌కి వెనక్కి వేసిన బంతిలో బలం చాలలేదు. అవతలివాడు మధ్యలో అందుకుని గోల్ కొట్టాడు. క్లబ్బు ఓడిపోయింది. అంతే జరిగింది. ఆ తప్పు లీడ్స్ నగరంలో ఏ పిల్లవాడైనా చేస్తాడు. కానీ ఆ సాయంత్రం వాడి ఫోన్‌లోకి వెయ్యిమందికి పైగా వచ్చిపడ్డారు. బంతి గురించి రాసినవాళ్ళు తక్కువ. కోతి బొమ్మలు, అరటిపళ్ళ బొమ్మలు. చెట్టెక్కు అన్నాడొకడు. మీ తాత ఎక్కివచ్చిన ఓడెక్కి పో అన్నాడు ఇంకొకడు. వాడి నల్ల తోలు గురించి, తల్లి గురించి రాసినవి ఈ కాగితం మీద పెట్టలేం.

"ఆడను అంటే?" అన్నాడు డెల్‌రాయ్, కుర్చీలో ముందుకు వంగి. "వాళ్ళకి కావలసింది అదే కదరా. మా రోజుల్లో నోరు మూసుకుని ఇంకో గోల్ కొట్టేవాళ్ళం."

"మీ రోజుల్లో వాళ్ళు మీ జేబులోకి రాలేదు నాన్నా."

నానమ్మ ఆల్మా ఎనభై నాలుగేళ్ళది. చెవులు సగమే పనిచేస్తాయి గాని అవసరమైన సగమే పనిచేస్తాయని ఇంట్లో అందరికీ తెలుసు. "అన్నం చల్లారిపోతోంది," అంది ఆవిడ. "కోపం వేడిగానే ఉంటుందిలే, ముందు తినండి."

బల్ల చివర ఇంకొకరు కూడా ఉన్నారు. క్లబ్బులో ఆటగాళ్ళ బాగోగులు చూసే జానిస్ ఓట్స్. పోలీసులతో మాట్లాడి నేరుగా ఇక్కడికే వచ్చింది. తెల్లమనిషి, మంచి మనిషి. కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"ఒకడు మాత్రం దొరికాడు," అందామె. "‘పుట్టిందే ఈ క్లబ్బు కోసం’ అని పేరు పెట్టుకున్నాడు. మన స్టేడియంలో ఏడాది టికెట్ ఉన్నవాడే, ఉత్తరం వైపు స్టాండ్‌లో కూర్చుంటాడు. పిలిచి అడిగితే, బీరు తాగాను, బాధలో ఉన్నాను, జీవితంలో మొదటిసారి, ఒక్కటే రాశాను అంటున్నాడు. ఒక్కటే అయితే హెచ్చరించి వదిలేస్తారు. ఏళ్ళ తరబడి రాస్తున్నాడని చూపిస్తే కోర్టుకెళుతుంది. కాలెబ్, ఇంతకు ముందు వీడి దగ్గర్నుంచి ఏమైనా వచ్చాయా?"

"లేదండి. ఇంతకు ముందు నాకెప్పుడూ ఇలాంటివి రాలేదు. నాలుగేళ్ళలో ఒక్కటి కూడా."

మార్వా గరిటె కింద పెట్టింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కాలెబ్ పదిహేడో ఏట మొదటి ఆట ఆడి ఇంటికొచ్చిన రోజున పెట్టింది మార్వా. ఆట అయ్యి ఇంట్లో అడుగుపెట్టగానే ఫోన్ తీసి ఫ్రిజ్ మీది రొట్టెల డబ్బాలో వేయాలి. మళ్ళీ తీసుకునేది మర్నాడు టిఫిన్ అయ్యాకే. ముందు తిండి, తరువాత నిద్ర, ఆ తరువాతే లోకం అనేది. వాడూ సరదాగానే ఒప్పుకున్నాడు. "మా ఫ్యాన్స్ ఎంత మంచోళ్ళో అమ్మా, ఒక్కడు కూడా తిట్టడు," అని అప్పుడప్పుడు మురిసిపోయేవాడు. మార్వా తలొంచుకుని రొట్టెకి వెన్న రాసేది... మొన్న మాత్రం డాక్టరు రెండు రోజులు ఏ తెరా చూడొద్దన్నాడు. ఇవాళ పొద్దున నొప్పిమాత్రల మగతలో ఆమె లేవలేదు. డబ్బాలోని ఫోన్‌ని నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె కంటే ముందు వాడే తీశాడు.

"వచ్చాయి," అంది మార్వా. "ప్రతి ఆటకీ వచ్చాయి. నువ్వు లేవకముందు నేనే తీసేసేదాన్ని."



"తీసేయడమంటే?" అన్నాడు కాలెబ్.

"చదివి, తుడిచేసి, వాడు మళ్ళీ రాయకుండా ఆపేసి... పనికి వెళ్ళే బస్సు వచ్చేలోపు. కొత్త పేరుతో మళ్ళీ వచ్చేవాళ్ళు. మళ్ళీ తుడిచేదాన్ని."

"అన్నీనా అమ్మా?"

"అన్నీ."

"అయితే చూపించడానికి ఏమీ మిగల్లేదన్నమాట." కాలెబ్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "నీకు తెలుసా, ప్రతి ఆట అయ్యాక నేను ఆ ఉత్తరం వైపు స్టాండ్ దగ్గరికే వెళ్ళి చప్పట్లు కొడతాను. జెర్సీ విప్పి ఇస్తాను. వాడి ముందర నిలబడి చెయ్యి ఊపాను, నాలుగేళ్ళు! నువ్వు ఇక్కడ కూర్చుని నన్ను వెర్రివాణ్ణి చేశావు."

"మార్వా, ఎంత పని చేశావు," అన్నాడు డెల్‌రాయ్. "నాతోనైనా చెప్పొద్దా? సాక్ష్యమంతా చేతులారా కడిగేశావు కదా."

ఆ ‘కడిగేశావు’ అన్న మాట దగ్గర మార్వా తల ఎత్తింది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు ఒకటి ఆమెలోంచి వచ్చింది.

"కడిగాను. కడగడమే కదా నా పని? ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రి లాండ్రీలో ఊరందరి రక్తం, ఊరందరి మలం ఉతుకుతున్నాను. అంటురోగాల దుప్పట్లు ఎర్ర సంచిలో వస్తాయి. ఆ సంచి చేత్తో విప్పకూడదు. ముడితోనే మెషీన్‌లో వేయాలి. విప్పినవాళ్ళ ఉద్యోగం పోతుంది, ఎందుకంటే ఆ రోగం చేతికి పట్టుకుంటుంది. మరి ఇంట్లో ఎర్ర సంచి నాలుగేళ్ళుగా ఎవరు విప్పారు? చేతి తొడుగు లేకుండా, ఒక్కదాన్నే! నీ మొదటి గోల్ నీకు గుర్తుందా కాలెబ్? ఊరంతటికీ గుర్తుంది. నాకు గుర్తులేదు. ఆ మర్నాడు వాళ్ళు రాసింది గుర్తుంది. వాన రోజు నువ్వు రెండు కొట్టావే, ఆ రోజు వచ్చినవి గుర్తున్నాయి. నీ పుట్టినరోజుకి వచ్చినవి గుర్తున్నాయి. చెప్పనా?"

ఆమె చెప్పింది. తిట్టుమాట అంటే నాలుక మీద సబ్బు రుద్దే ఇల్లు అది. ఆ ఇంటి బల్ల దగ్గర, చర్చి టోపీ ఇంకా తీయకుండా, మార్వా ఏ ఆటకి ఏ మాట వచ్చిందో వరసగా, తడుముకోకుండా చెప్పింది. కీర్తన అప్పజెప్పినట్టు చెప్పింది. జానిస్ రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది. ఆల్మా కళ్ళు మూసుకుంది. డెల్‌రాయ్ "చాలు" అన్నాడు. ఆమె ఆగలేదు. చివరిది కూడా చెప్పాకే ఆగింది.

"ఇది సాక్ష్యం అవుతుందా జానిస్?"

జానిస్ ముఖం ఎర్రబడింది. "మీ మాట నేను నమ్ముతాను. కానీ జ్ఞాపకం సరిపోదంటారండి వాళ్ళు. కళ్ళకి కనబడేది కావాలి."

మార్వా బల్లగుడ్డ అంచు మడతపెట్టింది. ఒకటి మాత్రం ఇంకా మిగిలి ఉంది. తుడవడానికి ఆమె చేతికి అందనిది. కొడుకు చూడకూడదని, భర్త అసలే చూడకూడదని ఇన్నాళ్ళూ దాచుకున్నది అదే. అది చూపిస్తే ఈ బల్ల దగ్గర ఇంకెప్పటికీ తల ఎత్తలేనేమో. చూపించకపోతే బిడ్డ బూట్లు రేపు చెత్తబండిలో పోతాయి...

"ఆ ‘పుట్టిందే ఈ క్లబ్బు కోసం’ వాడి పేజీ తెరువు," అంది కాలెబ్‌తో. "మూడేళ్ళ కిందటి మార్చికి వెళ్ళు."

కాలెబ్ నిలబడే వెతికాడు. దొరికింది. తనకొచ్చిన జవాబుని ఫోటో తీసి వాడు తన పేజీలో పెట్టుకున్నాడు. పైన ఆ మనిషి కాలెబ్‌కి పంపిన బూతు, తేదీతో సహా. దాని కింద జవాబు. కాలెబ్ పేరుతో వెళ్ళింది గాని కాలెబ్ రాసింది కాదు.

*అయ్యా, నేను కాలెబ్ వాళ్ళ అమ్మని. వాడికి పద్దెనిమిదేళ్ళు. చాలా మెత్తని పిల్లవాడు. మీకూ పిల్లలు ఉండే ఉంటారు. చేతులు జోడించి అడుగుతున్నాను, వాణ్ణి వదిలేయండి. కావాలంటే నన్ను తిట్టండి.*

ఫోటో మీద ఆ మనిషి రాసుకున్నాడు: "కోతి తల్లి నాకు ఉత్తరం రాసిందిరోయ్." కింద మూడువందల మంది నవ్వులు. ఒకరితో ఒకరు పోటీపడి నవ్వినవాళ్ళు.

కాలెబ్ చదివి ఫోన్ తండ్రికి ఇచ్చాడు. డెల్‌రాయ్ చదివాడు. ఎవడి ముందరా చేయి చాచకూడదని కొడుక్కి ఉగ్గుపాలతో నేర్పిన మనిషి అతను. అతని దవడ బిగుసుకుంది. మార్వా కళ్ళు దించుకుని అతను అనబోయే మాట కోసం ఎదురుచూసింది.

మాట్లాడింది ఆల్మా.

"డెల్‌రాయ్, పంతొమ్మిదో ఏట పార్కులో ఆడి వచ్చేవాడివి. నీ జెర్సీ ఉండచుట్టి మాసిన బట్టల అడుగున కుక్కేవాడివి, గుర్తుందా?"

"ఇప్పుడెందుకమ్మా అది?"

"దాని వీపంతా చూడొచ్చినవాళ్ళు ఊసిన ఉమ్ములుండేవి. నేను చూడకూడదని నువ్వు దాచేవాడివి. నేను చూశానని నీకు తెలియకూడదని నేను ఉతికేదాన్ని. మీ నాన్న లేచేలోపు ఆరేసేదాన్ని. నలభై ఏళ్ళు ఇద్దరం నోరు విప్పలేదు. చూడు, ఆ ఉమ్మి ఎక్కడికీ పోలేదు. నీ కొడుకు ఫోన్‌లోకి వచ్చింది." ఆవిడ ముడతల చేయి చాచి కోడలి మణికట్టు పట్టుకుంది. "నేను సబ్బు అరగదీశాను. ఈ పిల్ల కళ్ళు అరగదీసుకుంది. దీన్ని ఇప్పుడు ఒక్కమాట అన్నావో, ఈ గరిటె ఎక్కడ విరుగుతుందో నాకు తెలుసు."

డెల్‌రాయ్ లేచివచ్చి భార్య కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు, మోకాళ్ళు పటపటలాడుతుంటే. "ఆ ఉత్తరం నేను రాయాల్సింది," అన్నాడు. "లేదా వాడి ఇంటికి వెళ్ళాల్సింది. ఏదో ఒకటి... నువ్వు ఒక్కదానివే..."

కాలెబ్ తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. చెత్తడబ్బా మూత చప్పుడైంది. తిరిగివచ్చి బూట్లు సింకులో పెట్టి నీళ్ళు తిప్పాడు. మార్వా అలవాటుగా లేవబోయింది.

"కూర్చో అమ్మా. నేను కడుక్కుంటాను." వాడు వెనక్కి తిరగలేదు. "శనివారం ఆడతాను. కానీ ఆ స్టాండ్‌కి ఇంక చప్పట్లు కొట్టను. జానిస్, మీ వాళ్ళకి ముందే చెప్పండి, తరువాత పొగరు అనొద్దు. ఆ ఫోటో పోలీసులకి పంపండి. మా అమ్మ రాసింది కొట్టేయకుండా, మొత్తంగా."

మూడు వారాల తరువాత ఒక ఉత్తరం వచ్చింది. ఆ మనిషి లాయరు ద్వారా వచ్చింది. వయసు యాభై ఒకటట, ఇద్దరు ఆడపిల్లలట. కోర్టుకు వెళితే ఉద్యోగం పోతుందట, స్కూలు పిల్లల వ్యాను నడుపుతాడట. చివర స్వయంగా రాశాడు: *ఒక తల్లిగా మీరు అర్థం చేసుకోండి. చేతులు జోడించి అడుగుతున్నాను.*

మార్వా రెండు కళ్ళతో, రెండుసార్లు చదివింది. మూడేళ్ళ కిందట తాను అడిగిన మాటే. అప్పుడు కోతి తల్లి, ఇప్పుడు తల్లి!

"బైబిలు ఏడు డెబ్బైల సార్లు క్షమించమంది," అంది ఆల్మా నెమ్మదిగా, కోడలి ముఖమే చూస్తూ.

"తెలుసు అత్తయ్యా. క్షమించేదీ లేనిదీ నేనూ దేవుడూ ఆదివారం మాట్లాడుకుంటాం. పోలీసులు సోమవారం వస్తారు."

ఉత్తరం మడత నలగకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, మిగతా కాగితాల పైన ఉంచింది. చేతులు కడుక్కోలేదు. వచ్చి కొడుకు ఎదురుగా కూర్చుంది. ఫ్రిజ్ మీది డబ్బాలో ఇప్పుడు రొట్టెలే ఉన్నాయి. ఆట రోజుల్లో కాలెబ్ ఫోన్ జానిస్ దగ్గర ఉంటోంది. వచ్చినవన్నీ ఒక్కటీ చెరపకుండా నేరుగా పోలీసుల ఫైలులోకి పోతున్నాయి.

"కాలెబ్, నీ మొదటి గోల్ ఎలా కొట్టావు?"

"అప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా."

"ఉన్నాను. నాకు మిగల్లేదు. చెప్పు."

వాడు ఉప్పుడబ్బా తీసి గోల్‌కీపర్‌గా నిలబెట్టాడు. మిరియాల డబ్బా, మిరపసాసు సీసా అడ్డం వచ్చేవాళ్ళు. బఠాణీ గింజ బంతి. ఎడమ వైపు నుంచి ఎలా వచ్చాడో, ఎవడు జారిపడ్డాడో, బంతి ఏ కాలికి తగిలిందో వేలితో నడిపించి చూపించాడు. గింజ ఉప్పుడబ్బా పక్కనుంచి దొర్లి మార్వా ఒళ్ళో పడింది.

ఆమె దాన్ని తీసి మళ్ళీ బల్ల మధ్యలో పెట్టింది.

"ఇంకోసారి," అంది.