ఊగని ఉయ్యాల

చిటికెనవేలితో ఇనప బీరువాను పక్కకు నెట్టి, దాని కింద ఊడ్చి, మళ్ళీ గోడకు ఆనించింది హైమ. వేలు తీసిన చోటే బీరువా ఆగిపోయింది. కాకినాడలోని ఆ అపార్ట్‌మెంటుకు జడత్వాన్ని తీసేసే యంత్రం, జడత్వహరిణి, బిగించాక వస్తువులు కదలనని మొరాయించడమూ మానేశాయి, కదిలాక ఆగనని మొరాయించడమూ మానేశాయి. కోపంలో విసిరిన గరిటె విసిరినవాళ్ళ కాళ్ళ దగ్గరే పడుతుంది కనుక కాపురాలు కూడా బాగుపడతాయని కంపెనీ ప్రకటన. హైమ పరీక్షించి చూసింది. గరిటె వరకు నిజమే.

బాగుపడనిది ఉయ్యాల. హైమ పసిపాప ఉయ్యాల ఊపితే గాని పడుకోదు. ఊపే చెయ్యి ఆగితే ఉయ్యాల మధ్యకొచ్చి నిలబడుతుంది, పాప కళ్ళు తెరుస్తుంది. హైమ, భర్త సుధన్వ వంతులు వేసుకుని ఊపుతున్నారు. నిన్న పాపను ఎత్తుకుని నిలబడే కునికింది హైమ. పిల్ల చేతుల్లోంచి జారబోయింది.

శుక్రవారం గనక కొబ్బరికాయ పట్టుకుని డాబా ఎక్కింది. ఇంట్లో ఎంత బాదినా కాయ పగలదు; హరిణి ప్రభావం డాబా దాకా రాదు. ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలైంది. ఆ చెక్కలు చూస్తుంటే, ఇక్కడైతే ఉయ్యాల కూడా ఊగుతుందని తట్టింది. తర్వాత కిందికి దిగి పాపనూ, పాత చీరనూ తెచ్చి, రేకుల షెడ్డు దూలానికి ఉయ్యాల కట్టింది.

హరిణిని పట్టుబట్టి పెట్టించిన అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి కామేశంగారు వచ్చి, డాబా మీద ఉయ్యాలలు నిబంధనలకు విరుద్ధమన్నారు.

"ఒక్కసారి ఊపి వదిలెయ్యండి బాబాయిగారూ," అంది హైమ.

ఆయన ఊపి, ఇక ఆగిపోతుందని అలవాటు కొద్దీ వెళ్ళబోయి వెనక్కి చూశారు. ఉయ్యాల వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

"ఎవరూ ఊపకుండానే ఊగుతోందేంటమ్మా?"

"కదిలింది దానంతటది ఆగదని బళ్ళో చెప్పారు కదండీ. మనమే ముచ్చటపడి ఆ గుణాన్ని తీయించేశాం. కాస్త నెమ్మదించాక..."

మాట పూర్తికాలేదు. హైమ గోడకు చేరగిలబడి నిద్రపోయింది.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఊపు తగ్గినప్పుడల్లా చిన్నగా తోశారు. వెతుక్కుంటూ సుధన్వ పైకొచ్చేసరికి నోటి మీద వేలుంచి, రోజూ మధ్యాహ్నం కాసేపు హరిణిని ఆపేద్దామని గొణిగారు.

"అప్పుడు బీరువా జరపాలంటే నలుగురు కావాలండీ," అన్నాడు సుధన్వ.

"ఉన్నాం కదయ్యా, ఇంతమందిమి."

ఉయ్యాల ఊగుతూనే ఉంది.