పది పక్కన సున్నా

"ఉదయం ఏడులోపు కురువిళను చంపేస్తారు. ఇంజెక్షన్‌తో," అన్నాడు గూఢచారి శాఖ కర్నల్ ఇట్టూప్, ఏజెంట్ వినయచంద్రన్‌తో. "ఆ వార్డులో ఫిలోమినా అని కొత్త నర్సు ఉంది. అందగత్తె. విదేశీ ముఠా మనిషని అనుమానం. సూదితో సహా పట్టుకో."

కురువిళ నౌకాదళానికి జలాంతర్గాములను పసిగట్టే సోనార్ చేసిపెట్టిన శాస్త్రవేత్త. షుగర్ ముదిరి ఎర్నాకుళంలో ఆస్పత్రి పాలయ్యాడు. వినయచంద్రన్ జూనియర్ డాక్టర్ వేషంలో, మైకున్న స్టెతస్కోప్‌తో పక్కగదిలో మకాం పెట్టాడు. పెద్ద డాక్టరు చెప్పిన పది యూనిట్ల ఇన్సులిన్‌ను తనే ఛార్టులో రాశాడు. పది అంకె వేసి, యూనిట్లు అనే మాటకు బదులు పక్కన ఇంగ్లీషు 'యు' గిలికాడు. పూర్తి మాట రాసినవాడు సగం రహస్యం అమ్మినట్టేనని డిపార్ట్‌మెంట్ నేర్పిన పాఠం.

ఆరూ యాభైకి ఫోన్ మోగింది.

"డాక్టర్, ఫిలోమినాని. కురువిళ సారుకి నూరా? నూరేనా?"

వినయచంద్రన్ రహస్య కెమెరా తెర దగ్గరికి జరిగాడు. నూరు! కోడ్‌వర్డే, సందేహం లేదు.

"రాసినట్టే ఇవ్వండి సిస్టర్," అన్నాడు తియ్యగా.

తెరపై ఆమె సిరంజి అంచుదాకా నింపింది.

"అప్పం ముందా, సూది ముందా అమ్మా?" అంటున్నాడు కురువిళ చొక్కా చెయ్యి మడుస్తూ.

సూది చర్మాన్ని తాకేలోగా వినయచంద్రన్ తలుపు తోసుకుని దూకి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేతిలో పిస్టల్.

"ఎవరు చెప్పారు నీకు నూరు ఇమ్మని?"

"మీరే కదా సార్!" ఆమె ఛార్టు చూపించింది. "నమ్మలేకే కదా ఫోన్ చేశాను!"

తన చేతిరాతే. 'యు' నోరు మూసుకుని సున్నా అయి కూర్చుంది. వంద యూనిట్లు. మనిషి అప్పం తినకముందే పోయేవాడు.

పిస్టల్ ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు అతనికి. నిజాయితీగా అడిగిన మనిషిని హంతకురాలనుకున్నాడు. అడిగినా వినలేదు.

"అది సున్నా కాదు, యూనిట్లకు వేసిన 'యు'. క్షమించండి సిస్టర్."

"ఆ మాట ఒక్కటీ పూర్తిగా అన్నారు సార్," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "యూనిట్లు అన్న మాట కూడా పూర్తిగా రాసి ఉంటే ఈ గొడవే లేదు."

ఛార్టులో 'యు' కొట్టేసి, 'పది యూనిట్లు' అని అక్షరం అక్షరం రాశాడు. పెద్ద డాక్టరును పిలిపించి సరిచూపించి, సంతకం పెట్టించాడు.

విదేశీ ముఠా ఆ వారం ఎర్నాకుళం ఛాయలకే రాలేదు. సాయంత్రం కర్నల్ అడిగాడు:

"శత్రువు దొరికాడా?"

"దొరికాడు సార్," అన్నాడు వినయచంద్రన్ తల దించుకుని. "మన దగ్గరే జీతం తీసుకుంటున్నాడు."