కెప్టెన్ బెల్టు

మా ఓడ కంట్రోల్ రూమ్‌లో కుర్చీలు మూడే, ఒకదాని వెనక ఒకటి. ముందుది చుక్కాని, నాది. నా వెనక ఫిరంగుల దగ్గర మా బావ. అందరికంటే వెనక కెప్టెన్. చుక్కల మధ్య తిరిగే సరుకు ఓడలకు కాపలా కాయడం మా ఉద్యోగం. చాలా రోజులు ఈగలు తోలుకోవడమే, అదీ ఈగలు ఉంటే. ఆ పూట నేను టీ తాగుతున్నాను, బావ ఆవులిస్తున్నాడు. వేడెక్కిన రబ్బరు వాసన, పైన ఫ్యాను చప్పుడు. అంతకు మించి ఏమీ లేదు.

ఆ కుర్చీల బెల్టుల సంగతి చెప్పాలి. పోరు మొదలైతే అవి ఛాతీ మీద బిగుసుకుంటాయి. ఎవరి బెల్టు వాళ్ళు తీసుకోలేరు. భయపడి ఎవరూ లేచి పారిపోకూడదని అలా చేశారు. నా బెల్టు స్విచ్ బావ కుర్చీకి ఉంటుంది. బావది కెప్టెన్ కుర్చీకి. కెప్టెన్‌ది నా బల్ల మీద.

"నీ ప్రాణం నా చేతిలో ఉందిరా బావమరిదీ. మర్యాదగా ఇంకో కప్పు టీ ఇటు పట్రా," అన్నాడు బావ.

"నీది ఆయన చేతిలో ఉంది. ముందు అది చూసుకో."

కెప్టెన్ నవ్వలేదు. ఆ మనిషి పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆయనంటే నాకు ఒళ్ళుమంట. కాసేపటికి దొంగల ఓడ కనబడింది. మాకు నాలుగింతలుంది. అయినా, "ముందుకే" అన్నాడు.

"వెనక్కి తిప్పుదాం సార్. కింద ఇంజిన్ దగ్గర నా భార్య ఉంది," అన్నాడు బావ. ఆయన భార్యంటే మా అక్కే.

"ముందుకే."

బెల్టులు బిగుసుకున్నాయి.

బావ కొట్టిన మొదటి దెబ్బకు దొంగల ఓడ పక్క చీలిపోయింది. చిరిగిన సంచిలోంచి గింజలు రాలినట్టు మనుషులు చీకట్లోకి రాలిపోయారు. మరుక్షణం వాళ్ళ గుండు మా గోడలోంచి దూరి అవతలి గోడలోంచి పోయింది. దీపాలు ఆరిపోయాయి. నా మెడ మీద ఏదో వెచ్చగా చిందింది. కన్నాల్లోంచి గాలి ఈల వేస్తూ బయటికి పోతోంది.

"బావా..."

"ఉన్నానురా. ఎడం చెయ్యి... లేదు. నీ స్విచ్ ఆ పక్కే ఉంది, అందడం లేదు. కెప్టెన్‌ని నా బెల్టు తియ్యమను."

నేను వెనక్కి తిరగలేను. ఎదురుగా ఉన్న నల్లటి అద్దంలో చూశాను. వెనక వైర్లు అంటుకుని మండుతున్నాయి. ఆ వెలుగులో కెప్టెన్ భుజాలు కనిపించాయి. భుజాల పైన ఏమీ లేదు.

ఆ సంగతి బావకు చెప్పడానికి నోరు రాలేదు. ఈయన్ని ప్రాణాలతో అక్క దగ్గరికి చేర్చాలి. నా బుర్రలో అదొక్కటే ఉంది.

క్లిక్.

"తీశాడురా," అన్నాడు బావ ఏడుపు గొంతుతో. వంగి, కుడిచేత్తో నా స్విచ్ నొక్కాడు. నా బెల్టు ఊడింది. నేను లేచి వెనక్కి తిరిగేసరికి బావ మెడ చుట్టూ ఒక చెయ్యి పడింది. కెప్టెన్ చెయ్యి.

"ఇప్పుడు... నాది తియ్యి."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. నోరు లేదు కదా.

పక్కనున్న ఇనుప కడ్డీ లాక్కుని ఆ చేతిమీద కొట్టాను. ఎముక విరిగింది. మళ్ళీ కొట్టాను. వేళ్ళు చితికి తోలుకు వేలాడాయి. పట్టు మాత్రం సడలలేదు. బావ నాలుక బయటికొచ్చింది.

"తియ్యొద్దు..." అన్నాడు, ఊపిరందక. "లేస్తే... మళ్ళీ పోరుకే..."

"ఓడ ఏమైపోతే నాకేం. నాకు మా అక్క మొగుడు కావాలి," అని అరిచాను. నా బల్ల మీదున్న కెప్టెన్ బెల్టు స్విచ్ నొక్కాను.

పట్టు వదిలింది. బావను ఈడ్చుకుంటూ బయటపడి తలుపు మూశాను. గడియ బిగించాను. లోపల బూట్ల చప్పుడు... తొందర లేకుండా.

కింద అక్క తన చొక్కా చింపి బావ భుజానికి కట్టు కట్టింది. ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. బావకు స్పృహ లేదు గానీ ఊపిరి ఆడుతోంది. నాకు ఏడుపు ఆగలేదు.

"కెప్టెన్ గారేరిరా?"

"పోయాడక్కా. పైన ఎవరూ లేరు."

ఓడ ఒక పక్కకు ఒరిగింది. మెల్లగా, చేయి తిరిగిన వాళ్ళు తిప్పినట్టు తిరిగింది. దొంగల ఓడ వైపు.

గోడకున్న స్పీకరు గరగరమంది.

"చుక్కాని?" కెప్టెన్ గొంతు.

"సిద్ధం సార్."

అది నా గొంతు. నేను నోరు తెరవలేదు.

"ఫిరంగులు?"

"సిద్ధం," అన్నాడు బావ, పైనుంచి.

అక్క ఒళ్ళోని ముఖం కేసి చూసింది. ఆ పెదవులు కదల్లేదు. తర్వాత నన్ను చూసింది. చిన్నప్పటినుంచి నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, ఎవరో తెలియనట్టు చూసింది.

"అక్కా... నేనే."

ఆమె బావ తలను మెల్లగా నేల మీద పెట్టింది. వెనక్కి జరుగుతూ, నా మీంచి చూపు తిప్పకుండానే, పెద్ద రెంచి చేతిలోకి తీసుకుంది.